జపాను తరగతిలో బూడిద గుమ్మడికాయ

అక్టోబరు 31, శుక్రవారం. ఉదయం ఆరున్నర. మబ్బు. తుపాను వాన వెలిసి రెండో రోజు.

హాజరు: నేను. నా భార్య (వంటింటి గుమ్మంలో, పిలవకుండా). పక్కింటి మోటారు మెకానిక్ (కరెంటు పోతే ఇన్వర్టరు చూస్తానని వచ్చాడు, అసలు సంగతి తమాషా చూడటానికి). తెర మీద జపానులోని ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాల ఐదో తరగతి పిల్లలు పదకొండు మంది. వాళ్ళ టీచరమ్మ. వెనక కుర్చీలో, చేతిలో నోటుబుక్కుతో, ఆ బడి ప్రధానోపాధ్యాయుడు. పదకొండు మందిలో ఎడమ నుంచి మూడో పిల్ల తెలుగమ్మాయి.

ఇది ఆనాటి నా డైరీ పేజీలో ఉన్నది ఉన్నట్టు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ప్రతి పేజీకీ అయిదు శీర్షికలు: తేదీ, వాతావరణం, హాజరు, జరిగినది, సందేహాలు. దాచేపల్లిలో, ముప్పాళ్ళలో, అచ్చంపేటలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ ఇదే పద్ధతి. రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డాక కూడా మార్చలేదు. చివరి శీర్షిక కిందే ఎక్కువ రాస్తానని నా భార్య ఫిర్యాదు. కావచ్చు. జరిగినది ఒక్కసారే జరుగుతుంది. సందేహం చాలా రోజులు ఉంటుంది.

జపాను వాళ్ళకు నేను ఇంగ్లీషు చెప్పడమేమిటో ముందు చెప్పాలి. దాచేపల్లిలో నా దగ్గర చదివిన కుర్రాడొకడు, సిమెంటు లారీ డ్రైవరు కొడుకు, ఇప్పుడు జపానులో యంత్ర భాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఈ వేసవికి ముందు భార్యనూ కూతురినీ కూడా అక్కడికి తీసుకుపోయాడు. ఆ పిల్లను చేర్చిన బడిలో వారానికోసారి తెర మీద ఇంగ్లీషు మాట్లాడే మనిషి కావాలన్నారట. వాడు నా పేరు చెప్పాడు. వాళ్ళకు ఉదయం పది గంటలైతే మనకు ఆరున్నర. ప్రతి శుక్రవారం నలభై నిమిషాలు.

ఒప్పుకున్న రోజునే వాడు ఇంకో మాట అడిగాడు. కూతురు ఏప్రిల్ నుంచి ఆ బడిలో నోరు విప్పలేదు. ఆ భాష నేర్చుకుంది, ఇంట్లో టీవీతో మాట్లాడుతుంది, బడికి పోతే మాత్రం మాటుండదు. "మీ క్లాసులోనన్నా మాట్లాడిద్దేమో చూడండి మాస్టారూ," అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఈ తరగతి బడి అడిగితే పెట్టిందా, పిల్ల కోసం వీడు పెట్టించిందా అని. సందేహాల్లో రాసుకున్నాను.

నాలుగు నెలలు గడిచినా ఆ పిల్ల నా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. తక్కినవాళ్ళు తలలు ఊపుతూ గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్ళు. ఆమె మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్నే చూసేది. ఇన్‌స్పెక్షనుకు వచ్చి వెనక బెంచీలో కూర్చునే అధికారులు అలాగే చూసేవాళ్ళు. వాళ్ళు ఏమీ అనకుండా వెళ్ళిపోయి, నెల తరవాత కాగితం పంపేవాళ్ళు.

అక్టోబరు రెండో వారంలో టీచరమ్మ నుంచి మెయిల్ వచ్చింది. ముప్పై ఒకటో తేదీన హాలోవీన్. మీ ఇంట్లో ఆ పండగ ఎలా చేసుకుంటారో పిల్లలకు చూపించండి. మా ప్రధానోపాధ్యాయులు కూడా వచ్చి కూర్చుంటారు. ఆ తరవాత వచ్చే విద్యా సంవత్సరం తరగతుల గురించి ఆలోచిస్తాం. అంతే, నాలుగు వాక్యాలు.

దాన్ని ప్రింటు తీయించి ఎర్ర పెన్నుతో మూడు చోట్ల గీత గీశాను. "మీ ఇంట్లో" అన్న దగ్గర మొదటి గీత. మా ఇంట్లో చేసుకుంటామని వాళ్ళకు ఎవరు చెప్పారు? సర్వీసు మొత్తంలో హాలోవీన్ నాకు ఒకే ఒక్క పాఠంలో ఎదురైంది. దయ్యాల పండగ అని అర్థం చెప్పి ముందుకు పోయాను. ప్రధానోపాధ్యాయుడు ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడే ఎందుకు కూర్చుంటున్నాడన్నది రెండో గీత. మూడో గీత "ఆలోచిస్తాం" కింద. ఆ మాట ఎన్ని ఆఫీసుల్లో విన్నానో నాకు తెలుసు.

మా ఇంట్లో ఆ పండగ లేదని రాస్తే, ఇంగ్లీషు చెప్పే మనిషికి ఇంగ్లీషు వాళ్ళ పండగ తెలియదా అనుకుంటారు. ఇంకెవరినో చూసుకుంటారు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నలభై నిమిషాలు అప్పటికే నా వారం మొత్తానికి మేకులాగా అయిపోయాయి. గురువారం సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. బుధవారం నుంచే పాఠం రాసుకునేవాణ్ణి. అది పోతుందేమోనన్న భయం నా భార్యకు కూడా చెప్పలేదు. "సంతోషంగా చూపిస్తాను" అని జవాబు పంపాను. డైరీలో సందేహాల కింద ఒకే మాట: అబద్ధమా?

హాలోవీన్‌కు కావలసింది ఎర్రటి తియ్య గుమ్మడికాయ. దాన్ని తొలిచి, కళ్ళూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టాలి. ఇరవై తొమ్మిదిన మార్కెట్టుకు వెళితే వానలో కాయలన్నీ అడుగున కుళ్ళిపోయాయి. మిగిలినవి ముక్కలు కోసి అమ్ముతున్నారు. నిండుకాయ అంటే బూడిద గుమ్మడికాయలే ఉన్నాయి. కూరగాయలమ్మే ఆమె ఒకటి తీసి తట్టి చూపించి, "ఇంటికా, షాపుకా?" అని అడిగింది. క్లాసుకన్నాను. "క్లాసుకి దిష్టేంది మాస్టారూ, పిలకాయలు అంత బాగా చదవతన్నారా?" అంది. నేను వివరించలేదు. ఆమె ఆరా ఎందుకు తీస్తోందో నాకు అర్థం కాలేదు.

గురువారం సాయంత్రం మెకానిక్ వచ్చి హాక్సా బ్లేడుతో కాయ పని పట్టాడు. బోరు మోటార్లు విప్పి బిగించే చెయ్యి. గీత గీస్తే వంకర పోదు.

"నోరు నవ్వతా ఉండాల్నా, ఏడస్తా ఉండాల్నా మాస్టారూ?"

"భయపెట్టాలి. కాని నవ్వుతూ ఉండాలి."

"అర్థమైందిలే. కరెంటు బిల్లు చేతిలో పెట్టేటప్పుడు మీటరు రీడింగాయన మొకం."

చెక్కాడు. పైవరస పళ్ళు నాలుగు, కిందివరస రెండు, ఎడమ కన్ను కొంచెం పెద్దది. నిజంగానే ఆ మొహం నవ్వుతూ భయపెట్టింది.

నా భార్య అంతసేపూ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె మాట్లాడలేదంటే ఏదో ఉందని నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. మెకానిక్ వెళ్ళాక అడిగింది. కార్తీకమాసం, రేపు శుక్రవారం, ఇంట్లో మొకం చెక్కిన గుమ్మడికాయ పెట్టుకుంటారా ఎవరన్నా? ఎవరి కోసం ఇదంతా? జపాను పిల్లల కోసమన్నాను. మొహం పెట్టిన కాయను తిప్పి బయట కొట్టకుండా ఇంట్లో ఉంచకూడదంది. ఇది వేరే దేశపు పద్ధతి, దాంట్లో తిప్పడం లేదు, కొట్టడం లేదు అన్నాను.

"దేశం వాళ్ళదయితే కాయ మనదేగా," అంది. లోపలికి పోయింది. నాకు అది నచ్చలేదు.

తెల్లారి లేచి చూస్తే కాయ నిండా పసుపు. నొసట కుంకుమ. పక్కన రెండు చెక్కలుగా కోసిన నిమ్మకాయ. "అవి లేకుండా నేను దాన్ని ముట్టుకోను," అని వంటింట్లోంచి వినపడింది. నిన్ను ముట్టుకోమని ఎవరన్నారు అనబోయి, టైము చూసి ఊరుకున్నాను. ఆరు దాటింది. తడికాయ మీద కుంకుమ కరిగి, చెక్కిన నోటి మీదుగా కారింది. ఒక రకంగా పండగకు పనికొచ్చేలాగే ఉంది.

చీకటి కావాలి కాబట్టి వీధి కిటికీకి నేనూ మెకానిక్కూ దుప్పటి కట్టాం. వేషం కోసం నా భుజాల మీద నల్ల శాలువా ఉంది. ఎదురింటావిడ అప్పుడే వాకిలి కడుగుతోంది. మేము దుప్పటి కట్టడం చూసింది. దుప్పటి సందులోంచి బల్ల మీది కాయనూ చూసింది. రోజూ పలకరించే మనిషి ఆ రోజు బకెట్టు తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఇది కూడా రాసుకున్నాను.

పిల్లలు కాగితపు టోపీలు, పిల్లి చెవులు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తెలుగమ్మాయికి ఏ వేషమూ లేదు. ప్రధానోపాధ్యాయుడికీ లేదు. నేను రాసుకున్న పాఠం మొదలుపెట్టాను. బాగానే నడిచింది. పిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూసి ధైర్యం వచ్చి, రాసుకోని మాట ఒకటి అనేశాను. ప్రతి సంవత్సరం మా ఇంట్లో ఇలాగే చేసుకుంటాం అని. ఇంగ్లీషులో అది చాలా సులువైన వాక్యం. నోట్లోంచి సులువుగానే వచ్చింది. ఎడమ నుంచి మూడో పిల్ల గడ్డం కింద నుంచి చెయ్యి తీసేసింది.

తరవాత కొవ్వొత్తి. బూడిద గుమ్మడి లోపలంతా నీరు. వెలిగించినప్పుడల్లా చుంయ్‌మని ఆరిపోయింది. మూడోసారి ఆరిపోగానే నా భార్య గుమ్మంలోంచి వచ్చింది. కాయ నెత్తిన కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగించింది. మంట లేచింది. పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. అక్కడితో ఆపితే బాగుండేది. ఆమె కాయను రెండు చేతులా ఎత్తి నా చుట్టూ ముందు కుడి వైపు మూడుసార్లు, తరవాత ఎడమ వైపు మూడుసార్లు తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ పెదాలు కదులుతున్నాయి. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇయర్‌ఫోను వైరు శాలువాకు చుట్టుకుంది. అప్పుడామె లాప్‌టాప్ వైపు చూసింది. తెర మీది తలలను కళ్ళతో లెక్కపెట్టింది. వాళ్ళకు కూడా తిప్పింది. అదే వరసలో, తొందర లేకుండా.

ఇదంతా పాఠంలో భాగమనుకున్నాడు మెకానిక్. లాప్‌టాప్ ఎత్తి వీధి తలుపు వైపు తిప్పి బల్ల చివర పెట్టాడు. మా వైపు గుమ్మడికాయ ఆడవాళ్ళు కొట్టరు. ఆమె వీధి గుమ్మంలో ఆగి నా కోసం చూసింది. నేను వైరులో ఉన్నాను. మెకానిక్కే కాయ అందుకుని గేటు బయట రోడ్డు మీద వేసి కొట్టాడు. ముక్కల మీద కర్పూరం ఇంకా మండుతోంది. నేను వైరు విడిపించుకుని తెర ముందుకు వచ్చేసరికి జపానులో పిల్లలు కుర్చీలెక్కి ఉన్నారు.

అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడింది. మాట్లాడింది. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, వాళ్ళ భాష. గోడ గడియారం చూశాను. పూర్తిగా ఒక నిమిషం. మాట్లాడుతూ తెర వైపు, అంటే నా వైపు, వేలు చూపించింది. చేత్తో గాలిలో గుండ్రంగా తిప్పింది. కుర్చీలెక్కిన పిల్లలు దిగిపోయారు. టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. ప్రధానోపాధ్యాయుడు ముందుకు వంగి ఒక ప్రశ్న అడిగాడు. ఆ పిల్ల ఒక్క మాటలో జవాబు చెప్పింది. అతను నోటుబుక్కులో రాసుకున్నాడు. టీచరమ్మ గబగబా కృతజ్ఞతలు చెప్పింది. తెర నల్లబడింది.

టైము ఆరూ యాభై ఐదు. ఇంకా పదిహేను నిమిషాలుంది. నాలుగు నెలల్లో వాళ్ళు ఒక్క నిమిషం ముందు ముగించలేదు.

మెకానిక్ చేతులు దులుపుకుంటూ, "బాగా జరిగింది మాస్టారూ," అన్నాడు. నా భార్య కాళ్ళు కడుక్కుని వచ్చింది. "ఆ పిల్ల మాట్లాడిందిగా. మంచే చెప్పుంటది," అంది. మంచి చెప్పేవాళ్ళు వేలు చూపించరు. ఆ గదిలో ఆ కాయ ఏమిటో తెలిసినది ఆ పిల్ల ఒక్కతే. దాచేపల్లిలో పుట్టి పదేళ్ళు పెరిగిన పిల్ల. వాళ్ళ నాయనమ్మ ఎన్నిసార్లు తిప్పిందో. మా మాస్టారు మీకు క్షుద్రపూజ చేయించాడని చెప్పిందా? నేను అబద్ధాలకోరునని చెప్పిందా? వాళ్ళ నాన్నకు ఫోను చేశాను. షిఫ్టులో ఉన్నట్టున్నాడు, స్విచ్చాఫ్.

పగలంతా గుమ్మడికాయ ముక్కలు రోడ్డు మీదే ఉన్నాయి. ఆటోలు, బళ్ళు వాటిని తప్పించుకుని పక్కగా పోయాయి. ఎవరూ తొక్కలేదు. పదకొండింటికి ఎదురింటావిడ తలుపు తీసుకుని గేటు దాకా వచ్చింది.

"ఎవురికి తీశారక్కా?"

"జపాను పిల్లలకి," అంది నా భార్య.

ఎదురింటావిడ వెనక్కి తిరిగింది. "చెప్పకపోతే పోనీలే," అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక డైరీ తీశాను. జరిగినది కింద వరసగా రాసుకుంటూ వచ్చి, ప్రతి సంవత్సరం అన్న నా మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. అన్నది అన్నట్టు రాశాను. రాశాక, టీచరమ్మకు మెయిల్ మొదలుపెట్టాను. మొదట రాసిన దాంట్లో, మా ప్రాంతంలో హాలోవీన్‌ను ఈ విధంగా జరుపుకుంటారని ఒక వాక్యం ఉంది. చాలా బాగా కుదిరింది. ఎవరైనా నమ్ముతారు. అందుకే దాని మీద నాకే అనుమానం వేసి కొట్టేశాను.

రెండోసారి ఉన్నదే రాశాను. మేము హాలోవీన్ ఎప్పుడూ చేసుకోలేదు. ప్రతి సంవత్సరం అన్నది అబద్ధం. తరగతి పోతుందేమోనని అలా అన్నాను. కాయ తిప్పి కొట్టడం మా ఇళ్ళలో చెడు చూపు పోవడానికి చేసే పని. నా భార్య ఏదీ నటించలేదు, మీ పిల్లలకు మంచి జరగాలనే చేసింది. మీరు వేరే ఉపాధ్యాయుణ్ణి చూసుకుంటే నేను అర్థం చేసుకోగలను. మూడూ పదికి పంపాను. పంపినట్టు చూపించింది. తెరిచి చదివారో లేదో చూపించలేదు. సాయంత్రం దాకా ఏమీ రాలేదు.

మరునాడు, నవంబరు ఒకటి, శనివారం. ఉదయం ఆరుంబావుకు ఫోను మోగింది. ఆ పిల్ల తండ్రి. మొదటి మాటే "క్షమించండి మాస్టారూ" అన్నాడు. నాకు విషయం తెలిసిపోయిందనుకున్నాను. నిన్న మీ అమ్మాయి ఏమందో ఉన్నదున్నట్టు చెప్పు, మెత్తగా చెయ్యకు అన్నాను.

వాడు చెప్పాడు. మాస్టారు అబద్ధం చెబుతున్నారు, ఇది హాలోవీన్ కాదు, ఊళ్ళో మా నాయనమ్మ చేసేది, అని మొదలుపెట్టిందట. ఎందుకు చేస్తారో, ఎన్నిసార్లు ఎటు తిప్పుతారో, ముక్కలు ఎందుకు తొక్కకూడదో అంతా చెప్పిందట. మరి ఆమె తెర ముందు తిప్పింది ఎవరి కోసమని ప్రధానోపాధ్యాయుడు అడిగాడట. "మనకి" అందట. తెర ఆపగానే పిల్లలందరూ ఆమె చుట్టూ మూగి, తరవాతి పీరియడ్ కూడా లెక్కలు చెప్పనివ్వలేదట. టీచరమ్మ గబగబా ముగించింది అందుకేనని వాడి వివరణ.

వాడే మళ్ళీ అందుకున్నాడు.

"ఏప్రిల్ నుంచి ఆ బళ్ళో అది నోరు తెరిచి మాట్లాడిన మొదటి మాట ఇదే మాస్టారూ. మీరు అబద్ధం చెప్పారని."

"తప్పేం చెప్పలేదుగా," అన్నాను.

ఏడింటికి మెయిల్ వచ్చింది. సెలవు రోజున ఆ టీచరమ్మ ఎందుకు రాసిందో తెలియదు. నా ఉత్తరం ప్రధానోపాధ్యాయుడికి చూపించిందట. వచ్చే ఏడాది సంగతి ఫిబ్రవరి సమావేశంలో తేలుస్తారట. అప్పటిదాకా శుక్రవారాలు యథాప్రకారం. చివర ఒక కోరిక: వచ్చే శుక్రవారం మీ శ్రీమతి గారు కూడా కూర్చోగలరా, పిల్లలు ఆవిడను కొన్ని ప్రశ్నలు అడగాలనుకుంటున్నారు. నాలుగుసార్లు చదివాను. ఎర్ర పెన్ను తీసి, మళ్ళీ పెట్టేశాను. వాళ్ళకు కావలసింది నేనా, ఆమెనా అన్నది ఆ మెయిల్లో ఎక్కడా తేలదు.

నా భార్యకు చదివి వినిపించాను.

"నేనా? నాకు ఇంగ్లీషు ఏడొచ్చు?"

"ఆ పిల్లకు తెలుగొచ్చుగా. అది చెప్పిద్ది వాళ్ళకి."

ఆమె గిన్నెలు కడుగుతూ ఆలోచించింది. ఆ పిల్లకి చానా దిష్టి తగిలుంటది, అందుకే ఇన్నాళ్ళూ మాట పడిపోయింది, ఈసారి దానికి విడిగా ఉప్పుతో తీస్తానంది. వద్దని గట్టిగా చెప్పాను. సరే అంది. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు.

పాల ప్యాకెట్టు కోసం గేటు తీశాను. ఎదురింటి గుమ్మానికి కొత్త బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. పసుపు, కుంకుమ, దాని మీద నల్లరంగుతో రాక్షసి మొహం. సరిగ్గా మా ఇంటి వైపే చూస్తోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. పైవరస పళ్ళు నాలుగు, కిందివరస రెండు. ఎడమ కన్ను కొంచెం పెద్దది. నవ్వుతూనే భయపెడుతోంది.

పక్కింటి షెడ్డు వైపు తిరిగాను. మెకానిక్ ఒక మోటారులో తలపెట్టి చాలా శ్రద్ధగా పనిచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.